గర్భసంచి తీయించుకోమన్నారు: ఒప్పుకొనే ముందు ఏమేమి తేల్చుకోవాలి?

ప్రశ్న – గాజువాక నుంచి ఒక సోదరి

అందరికీ నమస్కారం. మాది గాజువాక. నా వయసు 39 ఏళ్లు. ఇద్దరు పిల్లలు. రెండో కాన్పు తరువాతే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నాను. ఇంటి దగ్గరే బట్టలు కుడుతుంటాను. ఏడాదిగా నెలసరి అదుపు తప్పింది. ఇదివరకు నాలుగు రోజుల్లో ముగిసేది, ఇప్పుడు వారం దాటినా ఆగడం లేదు. మొదటి మూడు రోజులు గడ్డలు గడ్డలుగా పడుతోంది, రాత్రిపూట నిద్రలో లేచి ప్యాడ్ మార్చుకోవలసి వస్తోంది. మెట్లు ఎక్కితే ఆయాసం, మిషను తొక్కుతుంటే కళ్లు తిరగడం మొదలయ్యాక నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాము.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.4 అని వచ్చింది. గర్భసంచి కొద్దిగా పెద్దదిగా ఉందని, ముందు గోడలో 3.2 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ ఉందని, లోపలి పొర మందం 9 మిల్లీమీటర్లని, గర్భసంచి ముఖద్వారం దగ్గర నాబోతియన్ సిస్టులు ఉన్నాయని, అండాశయాలు మామూలుగా ఉన్నాయని స్కానింగ్ రిపోర్టులో రాశారు. డాక్టరు గారు లోపల పరీక్ష చేసి, ముఖద్వారం దగ్గర పుండు పడినట్టు ఎర్రగా ఉందని, పిల్లలు పుట్టేశారు కాబట్టి ఇక గర్భసంచితో పని లేదని, వదిలేస్తే ముందు ముందు క్యాన్సరు కావచ్చని, రెండు వారాల్లోగా గర్భసంచి, అండాశయాలు కలిపి తీసేయడం మంచిదని చెప్పారు. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ఖర్చు గురించి ఆలోచించనక్కర లేదని కూడా అన్నారు.

మా అత్తగారికీ, పెద్ద తోటికోడలికీ ఈ ఆపరేషన్ అయింది. అందుకని ఇంట్లో వాళ్లకు ఇది పెద్ద విషయంగా కనిపించడం లేదు. నాకు మాత్రం మనసు ఒప్పుకోవడం లేదు. మందులతో తగ్గే దారి ఏమైనా ఉన్నదా? క్యాన్సరు అన్న మాటను ఎంతవరకు పట్టించుకోవాలి? విశాఖలో ఇంకొకరి అభిప్రాయం ఎక్కడ తీసుకోవచ్చు? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

సమాధానం – విశ్రాంత స్త్రీ వైద్యురాలు, సీతమ్మధార

అమ్మా, నేను ప్రభుత్వ సేవలో స్త్రీల వైద్యురాలిగా పనిచేసి విరమించాను. మిమ్మల్ని స్వయంగా పరీక్షించకుండా ఇది చేయండి, అది మానండి అని ఖాయంగా చెప్పడం ధర్మం కాదు. కానీ మీరు రాసిన రిపోర్టును బట్టి చూస్తే, రెండు వారాల్లోగా గర్భసంచి తీసేయవలసినంత తొందర అందులో ఏదీ లేదు. తొందర ఉన్నది మీ రక్తహీనత విషయంలో. ఈ రెండింటినీ వేరుచేసి చూడండి.

ముందుగా రిపోర్టులోని మాటలు ఒక్కొక్కటిగా చూద్దాం. ఫైబ్రాయిడ్ అంటే గర్భసంచి కండరంలోనే పెరిగే గడ్డ. నలభై ఏళ్లు దగ్గరపడే స్త్రీలలో ఇవి ఎంత ఎక్కువగా ఉంటాయంటే, వేరే కారణంతో చేసిన స్కానింగులో బయటపడేవే చాలా ఉంటాయి. ఇవి క్యాన్సరు గడ్డలు కావు, క్యాన్సరుగా మారడం చాలా అరుదు, నెలసరి శాశ్వతంగా ఆగిపోయాక సాధారణంగా అవే కుంచించుకుపోతాయి. గడ్డ ఎంత ఉంది అన్న దానికంటే ఎక్కడ ఉంది అన్నది ముఖ్యం. గర్భసంచి లోపలి పొర కిందికి చొచ్చుకువచ్చిన గడ్డ ఒకటిన్నర సెంటీమీటరే ఉన్నా విపరీతంగా రక్తం పోయేటట్టు చేస్తుంది, బయటి గోడమీద ఉన్న గడ్డ అయిదు సెంటీమీటర్లున్నా రక్తస్రావం విషయంలో ఏమీ చేయకపోవచ్చు. మీ గడ్డ ముందు గోడలో ఉందని రాశారు గాని లోపలి పొరను తాకుతోందా లేదా రాయలేదు. యోని ద్వారా చేసే స్కానింగులో అది తేలుతుంది.

లోపలి పొర 9 మిల్లీమీటర్లుండడం మీ వయసులో రోగం కాదు. ఆ పొర నెలసరి చక్రాన్ని బట్టి పలచబడుతూ, మందమవుతూ ఉంటుంది. నాలుగు మిల్లీమీటర్లు దాటితే అనుమానించాలన్న లెక్క ముట్లు పూర్తిగా ఆగిపోయిన తరువాత మళ్లీ రక్తం కనిపించినవారికి వర్తించేది. దానిని ఇంకా నెలసరి వస్తున్నవారికి వర్తింపజేసి భయపెట్టడం సరికాదు. నాబోతియన్ సిస్టులు ముఖద్వారంలోని గ్రంథులు మూసుకుపోయి ఏర్పడే చిన్న నీటిబుడగలు. పిల్లల్ని కన్న స్త్రీలలో సర్వసాధారణం, వాటికి చికిత్సే అవసరం లేదు. ఇక పుండు అన్న మాట మన ప్రాంతంలో ఎంతమంది ఆడవాళ్లను ఆపరేషన్ బల్లమీదికి ఎక్కించిందో తలచుకుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ముఖద్వారం లోపలి వైపున్న ఎర్రని పొర బయటికి కనిపించడాన్ని పుండు అనేస్తుంటారు. హార్మోన్ల ప్రభావంతో అది ఆరోగ్యవంతులలో కూడా కనిపిస్తుంది. అక్కడ క్యాన్సరు ఉందా, క్యాన్సరుకు ముందు దశ మార్పులున్నాయా అన్నది కంటితో చూసి తేల్చేది కాదు. పాప్ స్మియర్ (ముఖద్వారం నుంచి తీసిన కణాల పరీక్ష) గాని హెచ్.పి.వి. (ముఖద్వార క్యాన్సరుకు దారితీసే వైరస్) పరీక్ష గాని చేసి, అందులో తేడా ఉంటే కాల్పోస్కోపీ, అంటే ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో పరీక్ష, చేసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి తేల్చాలి. మీకు ఈ పరీక్షలలో ఒక్కటైనా జరిగినట్టు మీరు రాయలేదు.

రక్తం ఎక్కువగా పోవడానికి కారణాలు అనేకం. ఫైబ్రాయిడ్ ఒకటి. లోపల పాలిప్, అంటే పొర నుంచి పెరిగే చిన్న కండ, ఉండవచ్చు. లోపలి పొర కండరంలోకి పాకే అడినోమయోసిస్ ఉండవచ్చు, గర్భసంచి కొద్దిగా పెద్దదిగా ఉందన్నారు కాబట్టి ఆ కోణంలోనూ చూడాలి. అండం సరిగా విడుదల కాకపోవడం, థైరాయిడ్ తక్కువగా పనిచేయడం, రక్తం గడ్డకట్టడంలో లోపం, రక్తాన్ని పలచబరిచే మందులు కూడా కారణాలవుతాయి. అందుచేత టి.ఎస్.హెచ్. (థైరాయిడ్ పరీక్ష), పూర్తి రక్తపరీక్ష, ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ తెలిపే పరీక్ష) చేయించండి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినా సరే ముందుగా మూత్రంలో గర్భనిర్ధారణ పరీక్ష చేయించాలి. ఆ ఆపరేషన్ విఫలమై ట్యూబులో గర్భం నిలిచి, అదే రక్తస్రావంగా కనిపించిన సందర్భాలు అరుదైనా ఉన్నాయి, అది ప్రాణాపాయం. నలభై, నలభై అయిదేళ్లు దాటినవారికీ, అంతకంటే చిన్నవారైనా అధిక బరువు, మధుమేహం, పి.సి.ఒ.డి. (అండం సరిగా విడుదల కాని హార్మోన్ సమస్య) ఉన్నవారికీ, మందులకు తగ్గనివారికీ లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపడం అవసరం. మీరు ఆ వయసుకు దగ్గరలో ఉన్నారు కాబట్టి దాని గురించి తప్పక అడగండి.

చికిత్స విషయానికి వస్తే, నెలసరి రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రనెక్సామిక్ యాసిడ్ మాత్రలు రక్తం పోవడాన్ని దాదాపు సగం వరకు తగ్గించగలవు. ఇదివరకు కాలిలో గాని ఊపిరితిత్తులలో గాని రక్తం గడ్డకట్టినవారు వీటిని వాడకూడదు, కాబట్టి మందుల దుకాణంలో అడిగి వేసుకునే మాత్రలు కావు. నొప్పి కూడా ఉంటే మెఫెనమిక్ యాసిడ్ ఇస్తారు. ప్రొజెస్టెరాన్ జాతి మాత్రలు నెలలో మూడు వారాలపాటు ఇవ్వడం మరొక దారి. వీటన్నింటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది గర్భసంచిలో అమర్చే లెవోనార్జెస్ట్రెల్ హార్మోన్ లూప్. కొన్ని నెలల్లో రక్తస్రావాన్ని 90 శాతం దాకా తగ్గించగలదు, ఒకసారి అమరిస్తే అయిదేళ్లు పనిచేస్తుంది. గడ్డ లోపలి వైపు ఉంటే, కడుపు కోయకుండా యోని ద్వారా హిస్టరోస్కోప్ అనే సన్నని కెమెరా గొట్టం పంపి గడ్డను మాత్రమే తీయవచ్చు. గడ్డకు రక్తం అందించే నాళాన్ని మూసివేసే పద్ధతి కూడా ఉంది. ఇవన్నీ ప్రయత్నించి, లేదా మీకు సరిపడవని తేలి, అప్పటికీ బాధ తీరకపోతే గర్భసంచి తీయడం సరైన వైద్యమే. నా సర్వీసులో నేనూ చాలామందికి చేశాను. నేను కాదంటున్నది వరుస తప్పడాన్ని.

మామూలుగా ఉన్న అండాశయాలను 39 ఏళ్లకు తీసేయడం మరింత ఆలోచించవలసిన విషయం. వాటిని తీసిన రోజు నుంచే మీకు ముట్లు ఉడిగిన స్థితి వస్తుంది. ఎముకలు పలచబడడం, గుండెజబ్బు ముప్పు పెరగడం, ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, యోని పొడిబారడం వంటివి సహజంగా రావలసిన వయసుకు చాలా ముందే మొదలవుతాయి. గర్భసంచి ఒక్కటే తీసి అండాశయాలు ఉంచినా, కొందరిలో అవి కొన్ని సంవత్సరాలు ముందుగా పనిచేయడం మానేస్తాయి. వంశంలో రొమ్ము, అండాశయ క్యాన్సర్లు ఉండి జన్యుపరీక్షలో లోపం బయటపడితే లెక్క వేరు.

ఇక మీ రక్తహీనత. 8.4కి తోటకూర, చోడి అంబలి, బెల్లం మంచివే గాని అవి చాలవు. ఇనుము మాత్రలు మొదలుపెట్టండి. టీ, కాఫీ, పాలు, క్యాల్షియం మాత్ర వీటికి రెండు గంటల ఎడం ఇచ్చి, నిమ్మరసంతో గాని జామపండుతో గాని వేసుకుంటే ఇనుము బాగా ఒంటికి పడుతుంది. మలం నల్లగా రావడం మామూలే, భయపడి మానకండి. కడుపులో పడకపోయినా, నెలనెలా రక్తం పోతూ మాత్రలు వెనకబడుతున్నా, సెలైన్ ద్వారా ఇచ్చే ఇనుము ఇంజెక్షన్లు ఉన్నాయి. చివరికి ఆపరేషనే అవసరమైనా ముందుగా రక్తం పెరగాలి. గంటకో ప్యాడ్ చొప్పున వరుసగా రెండు మూడు గంటలు తడిసిపోయినా, నిలబడితే కళ్లు చీకట్లు కమ్మినా, గుండె దడదడలాడినా ఈ చర్చలేవీ పెట్టుకోకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లండి.

సమాధానం – పెందుర్తి నుంచి ఒక సోదరి

చెల్లీ, మీ ప్రశ్న చదివి మా అప్ప గుర్తుకొచ్చింది. ఆమెకు 34 ఏళ్లప్పుడు తెల్లబట్ట, నడుంనొప్పి అని వెళితే ఒక నర్సింగ్ హోంలో ఇవే మాటలు చెప్పారు: పుండు ఉంది, క్యాన్సరు అవుతుంది, పిల్లలున్నారు కదా. గర్భసంచి, రెండు అండాశయాలు తీసేశారు. తీసిన వాటిని పరీక్షకు పంపినట్టు గాని, ఆ రిపోర్టు ఇచ్చినట్టు గాని ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. తెల్లబట్ట కొన్నాళ్లు తగ్గినట్టే అనిపించింది, నడుంనొప్పి మాత్రం తగ్గకపోగా పెరిగింది. ఆ తరువాత ఒళ్లంతా ఒక్కసారిగా సెగలు రావడం, చెమటలు పోసి రాత్రుళ్లు లేచి కూర్చోవడం, కారణం లేకుండా ఏడుపు రావడం మొదలయ్యాయి. మేమంతా ఆమె మనసు బాగాలేదనుకున్నాము. ఇవి అండాశయాలు తీసేయడం వల్ల వచ్చినవని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

చాలా ఏళ్లకు మరొక వైద్యురాలు ఎముకల సాంద్రత పరీక్ష చేయించి, ఎముకలు అప్పటికే పలచబడ్డాయని చెప్పి క్యాల్షియం, విటమిన్ డి మొదలుపెట్టారు. చిన్న వయసులో అండాశయాలు తీసేసినవారికి, ప్రత్యేకమైన అభ్యంతరాలు లేకపోతే, సహజంగా ముట్లు ఆగే వయసు వరకు హార్మోన్ మందులు ఇవ్వడం గురించి ఆలోచిస్తారని కూడా ఆవిడే చెప్పారు. ఆ మాట ఆపరేషన్ అయిన కొత్తలో ఎవరైనా చెప్పి ఉంటే మా అప్ప నడివయసు వేరేలా గడిచేది. కాబట్టి మీ అత్తగారికి, తోటికోడలికి బాగానే ఉందన్న మాటను కొంచెం నెమ్మదిగా అడిగి చూడండి. వాళ్లకు అండాశయాలు ఉంచారా తీశారా, మోకాళ్ల నొప్పులు, నిద్రలేమి ఎప్పటి నుంచి మొదలయ్యాయి అని అడగండి. మన ఇళ్లలో ఆడవాళ్లు ఇటువంటివి చెప్పుకోరు, అందుకే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న రాత్రి మా అత్తగారిని అడిగాను. ఆవిడకు అండాశయాలు ఉన్నాయో లేవో ఆవిడకే తెలియదు. డాక్టరమ్మ గారూ, ఒక సందేహం. మొదటి కాన్పు తరువాత నాకు కాపర్ టి వేశారు. దానితో నెలసరి ఎక్కువైపోయి తీయించేశాను. ఇప్పుడు మళ్లీ లూప్ అంటే ఇంట్లో అందరూ భయపడుతున్నారు. పిల్లల ఆపరేషన్ అయిపోయిన మనిషికి లూప్ ఎందుకని మా వారు కూడా అడుగుతున్నారు.

సమాధానం – విశ్రాంత స్త్రీ వైద్యురాలు, సీతమ్మధార

రెండూ చూడడానికి ఒకేలా ఉంటాయి గాని పనిచేసే తీరు వేరమ్మా. కాపర్ టిలో రాగి తీగ ఉంటుంది, దానివల్ల కొందరికి రక్తస్రావం, నొప్పి పెరుగుతాయి. మీకు జరిగింది అదే. హార్మోన్ లూప్‌లో ప్రొజెస్టెరాన్ జాతి మందు ఉండి, రోజూ అతి కొద్ది మోతాదులో గర్భసంచి లోపలనే విడుదలవుతూ లోపలి పొరను పలచబరుస్తుంది. పొర పలచబడితే రాలిపోయే రక్తం కూడా తగ్గుతుంది. కాబట్టి మీకు దీనిని వేసేది పిల్లలు పుట్టకుండా కాదు, రక్తం పోకుండా అని మీ వారికి చెప్పండి.

ఒక విషయం ముందే తెలిసి ఉండాలి. వేసిన మొదటి మూడు నుంచి ఆరు నెలలు అడపాదడపా చుక్కలు చుక్కలుగా కనిపించడం సహజం. ఇది తెలియక, పని చేయలేదనుకుని రెండో నెలలోనే తీయించేసుకునేవారిని ఎందరినో చూశాను. ఆ దశ దాటాక కొందరికి నెలసరి బాగా తగ్గిపోతుంది, కొందరికి పూర్తిగా ఆగిపోతుంది. చెడు రక్తం లోపలే నిలిచిపోతుందని భయపడనక్కర లేదు, అక్కడ నిలిచిపోవడానికి ఏమీ తయారవదు. అయితే గడ్డ వల్ల గర్భసంచి లోపలి ఆకారం బాగా మారిపోయి ఉంటే లూప్ నిలవదు, జారిపోవచ్చు. గర్భసంచిలో ఇన్ఫెక్షన్ ఉన్నవారికి, రొమ్ము క్యాన్సరు వచ్చినవారికి, రక్తస్రావానికి కారణం ఇంకా తేలనివారికి వేయరు. అందుకే ముందు స్కానింగ్, ముఖద్వారం పరీక్ష, బయాప్సీ పూర్తి కావాలి. కాపర్ టి కంటే దీని ఖరీదు చాలా ఎక్కువ, ముందే కనుక్కోండి.

సమాధానం – మధురవాడ నుంచి ఒక ఉపాధ్యాయురాలు

ఇక్కడ చెప్పినవన్నీ నిజమే గాని, చదివేవారిలో నిజంగా ఆపరేషన్ అవసరమైనవారు కూడా ఉంటారు కాబట్టి నా సంగతి రాస్తున్నాను. నాకు 46 ఏళ్లప్పుడు గర్భసంచి తీశారు. నాకు ఒకటి కాదు, అనేక గడ్డలుండేవి. అయిదు నెలల గర్భిణిలా కడుపు కనిపించేది. మాత్రలు వాడాము, రెండేళ్లపాటు గడిపాము. చివరికి గడ్డలు మూత్రనాళాన్ని నొక్కి ఒక మూత్రపిండం వాచిందని స్కానింగులో తేలింది. అప్పుడిక ఆగడంలో అర్థం లేదని ఇద్దరు వైద్యులూ వేరువేరుగా ఒకే మాట చెప్పారు.

ముందుగా ఇనుము ఇంజెక్షన్లతో హిమోగ్లోబిన్ పెంచారు. బయాప్సీ చేశారు. అండాశయాలు ఉంచుతామని, ఫెలోపియన్ ట్యూబులు (అండాన్ని గర్భసంచికి చేర్చే గొట్టాలు) మాత్రం తీసేస్తామని, ట్యూబులు తీయడం వల్ల తరువాతి కాలంలో అండాశయ క్యాన్సరు ముప్పు తగ్గుతుందని నాకు బొమ్మ గీసి చూపించి మరీ చెప్పారు. ఆపరేషన్ తరువాత దాదాపు ఆరు వారాలు బరువులు ఎత్తలేదు. తీసిన గర్భసంచి పరీక్ష రిపోర్టు నా చేతికి ఇచ్చారు, అది ఇప్పటికీ ఫైలులో ఉంది. నాకు ఆ తరువాత జీవితం హాయిగా ఉంది, దాంపత్య జీవితంలో కూడా ఇబ్బంది లేదు. ఆ మాట బయటికి అడగలేక మథనపడేవారు ఉంటారని రాస్తున్నాను. ఆపరేషన్ అంటే భయపడి, అవసరమైనప్పుడు కూడా వాయిదా వేయవద్దు. ముఖ్యంగా ముట్లు ఆగిపోయి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా, కలయిక తరువాత రక్తం కనిపించినా ఆలస్యం చేయకూడదు.

సమాధానం – మహిళల ఆరోగ్య హక్కులపై పనిచేసే కార్యకర్త, మహారాణిపేట

వైద్య విషయాలు పెద్దలు చెప్పారు. నేను హక్కుల గురించి, విశాఖలో దారుల గురించి చెబుతాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం ఉంటే, మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం ఉన్నారు. దేశంలోనే ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో మనదీ ఒకటి. మన ఆడవాళ్ల గర్భసంచులు మిగిలిన రాష్ట్రాల వారికంటే మూడింతలు జబ్బుపడి ఉంటాయని నేను నమ్మను. తొందరగా పెళ్లి, వెంటవెంటనే కాన్పులు, పాతికేళ్లు నిండకముందే కుటుంబ నియంత్రణ ఆపరేషన్, ఆ తరువాత గర్భసంచి ఇక పనికిరాని వస్తువన్న ఆలోచన, ఇవి ఒకదాని వెనుక ఒకటి వస్తున్నాయి.

బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ రాష్ట్రాలలో అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లపై దాఖలైన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఇటువంటి ఆపరేషన్లను నివారించడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో రూపొందించిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లోగా అమలులోకి తేవాలని చెప్పింది. జిల్లా స్థాయిలో పర్యవేక్షణ కమిటీలు ఉండాలన్నది ఆ మార్గదర్శకాలలోని ముఖ్యాంశం. అంతకుముందు 2008లో సమీరా కోహ్లీ కేసులో, పరీక్ష కోసం మత్తులో ఉన్న స్త్రీకి ఆమె తల్లి సమ్మతితో గర్భసంచి, అండాశయాలు తీసేయడం చెల్లదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తన నిర్ణయం తాను చెప్పగల, వయసు నిండిన స్త్రీ శరీరం గురించి సమ్మతి ఆమెదే అయి ఉండాలి. భర్త సంతకం, అత్తగారి మాట దానికి బదులు కావు. సమ్మతి పత్రంలో అండాశయాలు తీస్తున్నారో లేదో స్పష్టంగా తెలుగులో రాయించుకుని చదివి సంతకం పెట్టండి. మీ వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలని వైద్యుల వృత్తి నియమావళిలో ఉంది. స్కానింగ్ ఫిల్ములు, రక్తపరీక్షలు, డాక్టరు రాసిన చీటీ అన్నీ తీసుకునే బయటికి రండి.

రెండో అభిప్రాయానికి కె.జి.హెచ్. (కింగ్ జార్జ్ ఆసుపత్రి) గైనిక్ ఓ.పి. ఉంది, పాతనగరంలో స్త్రీల కోసమే ఉన్న ప్రభుత్వ విక్టోరియా ఆసుపత్రి, మనందరం ఘోషా ఆసుపత్రి అనేది, ఉంది. రెండూ ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధంగా నడిచేవే. రద్దీ ఉంటుంది, ఉదయాన్నే వెళ్లి ఓ.పి. చీటీ తీసుకోవాలి, ఒక పూట పోతుంది. అయినా అక్కడ ఆపరేషన్ చేస్తే వైద్యులకు అదనంగా వచ్చేదేమీ లేదు కాబట్టి మొగమాటం లేని మాట వినవచ్చు. ముఖద్వారం పరీక్షలో నిజంగా తేడా వస్తే, మీకు దగ్గరలోనే అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి ఉంది. ఇనుము మాత్రలకు మీ వార్డులోని పట్టణ ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి, ఏ.ఎన్.ఎం. (ఆరోగ్య కార్యకర్త) గారిని అడిగితే ఉచితంగా ఇస్తారు. 30 ఏళ్లు దాటిన స్త్రీలకు ముఖద్వార క్యాన్సరు పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్నదే, ఎక్కడ చేస్తున్నారో కూడా ఆవిడే చెప్పగలరు. ఇక కార్డు మీద ఉచితంగా జరగడం వేరు, మీ ఒంటికి అవసరం కావడం వేరు. ఆరోగ్యశ్రీ అయినా, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అని పిలిచినా, ఆ కార్డు ఈ నెలతో తీరిపోయేది కాదు.

ప్రశ్న అడిగినవారు

సోమవారం మా వారితో కలిసి ఘోషా ఆసుపత్రికి వెళ్లాలని నిర్ణయించుకున్నాము. ఇనుము మాత్రలు మొదలుపెట్టాను. నెలసరి శనివారం నుంచి మొదలయ్యేలా ఉంది. ఆ రోజుల్లో వెళ్లవచ్చా, ఆగాలా? పరగడుపున వెళ్లాలా?

సమాధానం – విశ్రాంత స్త్రీ వైద్యురాలు, సీతమ్మధార

రక్తం పోతుండగా వెళ్లడానికి మొగమాటపడకండి, ఎంత పోతోందో వైద్యులు కళ్లారా చూస్తే మంచిదే. ఆ రోజు రక్తపరీక్షలు, గర్భనిర్ధారణ పరీక్ష, మందులు రాయించుకోవడం పూర్తవుతాయి. పాప్ స్మియర్ మాత్రం రక్తం ఆగిన తరువాత చేస్తారు. దానికి రెండు రోజుల ముందు నుంచి కలయిక వద్దు, యోనిలో పెట్టే మందులు వాడవద్దు, లోపల కడగవద్దు. లోపలి పొరను, గడ్డ స్థానాన్ని చూసే యోని స్కానింగ్ నెలసరి ముగిసిన వెంటనే, పొర పలచగా ఉన్నప్పుడు చేయిస్తే స్పష్టంగా తెలుస్తుంది. దానికి మూత్రం బిగబట్టనక్కర లేదు. టి.ఎస్.హెచ్., హిమోగ్లోబిన్ పరీక్షలకు పరగడుపు అవసరం లేదు, రక్తం తక్కువగా ఉన్న మనిషి ఏమీ తినకుండా క్యూలో నిలబడవద్దు. ఇడ్లీయో, ఉప్మాయో తిని బయలుదేరండి. పాత రిపోర్టులు, వాడుతున్న మాత్రల అట్టలు సంచిలో పెట్టుకోండి. గత మూడు నెలల నెలసరి తేదీలు, రోజుకు ఎన్ని ప్యాడ్లు మార్చారో ఒక కాగితం మీద రాసి డాక్టరు గారికి ఇవ్వండి. వాళ్లు ఏమి చెప్పారో ఇక్కడ రాయండి, చూస్తాను.